పాప పైలట్ అవుతానంటాంది, స్కాలర్‌షిప్పులు నిజంగా ఉన్నాయా?

ఓర్వకల్లు_నాయిన
మా పాప కర్నూల్లో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. 2021 మార్చిలో మా ఓర్వకల్లు ఎయిర్‌పోర్టుకి ఇండిగో రావడం మొదలైనప్పుడు స్కూటర్ మీద ఎక్కించుకోని పోయి రోడ్డు పక్కన నిలబెట్టి చూపించినా. రెండు ఫ్యాన్ల విమానం కిందికి దిగతాంటే నా చొక్కా పట్టుకోని ఊపిరి బిగబట్టింది. ఆ పొద్దు నుంచి ఒకటే మాట, పైలట్ అవుతా నాయినా అని. ఎంసెట్ కోచింగ్ కూడా వద్దంటాంది. నాది స్పేర్ పార్ట్స్ అంగడి, ఊర్లో మూడెకరాల మెట్ట, అంతే. ఒక కన్సల్టెన్సీ వాళ్ళకి ఫోన్ చేస్తే మొత్తం 60 లక్షలు అవుతాది, అందులో సగం స్కాలర్‌షిప్ మేమే ఇప్పిస్తాం, ముందు సీటుకి 2 లక్షలు కట్టండి అన్నారు. ఇది నిజమేనా? తీసుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి. పొలం బేరానికి పెట్టాలా వద్దా అని ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ.

కొండారెడ్డి_బురుజు
ఆ 2 లక్షలు కట్టొద్దన్నా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

హంద్రీ_గట్టు
స్కాలర్‌షిప్ ఇచ్చేవాడు మన దగ్గర ముందు డబ్బు అడగడు. బురుజన్న మాటే నాది కూడా.

లాగ్‌బుక్_200
మాది కళ్యాణదుర్గం తట్టు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) అయ్యింది నాకు, 200 గంటలు ఎగరడం పూర్తయి లైసెన్సు చేతికొచ్చేసరికి మూడేండ్లు పట్టింది. సగం ఫీజు స్కాలర్‌షిప్ అనేది నాతో ట్రైనింగ్ చేసినోళ్ళలో ఒక్కనికి కూడా రాలే. ఉన్నాయి గానీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి, ఒక్కోటి ఒక్కో కాడికి పనికొస్తాది, అన్నీ కలిపినా 60 లక్షలు నిండదు.

డబ్బు కంటే ముందు చూసుకోవాల్సింది మెడికల్. పైలట్లకి చేసే ఆరోగ్య పరీక్ష అది, క్లాస్ 2 అయినాక క్లాస్ 1. అది కాకపోతే కోటి రూపాయలు ఊరికే ఇచ్చినా ఏం చేసుకోలేం. నా బ్యాచ్‌లో ఒకడు అడ్మిషన్ ఫీజు అంతా కట్టేసినాక క్లాస్ 1కి బెంగుళూరు పోయినాడు. ఆడ రంగు చుక్కల పుస్తకం ముందర పెట్టి పేజీలు తిప్పుతారు, చుక్కల మధ్యన అంకె చదవాల. అందరికీ 74 కనపడే పేజీలో వానికి 21 కనపడింది. ఇరవై ఏండ్లు వచ్చినా ఎరుపు పచ్చ తేడా తెలీదని వానికే తెలీదు. బయటికి వచ్చి నాకు ఫోన్ చేసి "రే, ఆ పేజీలో ఎంత ఉంటాదిరా" అని అడిగినాడు. నేను 74 అన్నా. ఇంగ ఏం మాట్లాడలే. కట్టిన ఫీజు కూడా వెనక్కి రాలే.

రెండోది పరీక్షలు. నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్, టెక్నికల్. ఒక్కోదాంట్లో 70 శాతం రావాల. వీటి కోసం ఏ స్కూల్లోనూ చేరే పని లేదు, డీజీసీఏ (పైలట్ లైసెన్సులు ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళ ఈజీసీఏ పోర్టల్‌లో కంప్యూటర్ నంబర్, అంటే పరీక్ష రాసేవాళ్ళకిచ్చే నంబరు తీసుకోని ఇంట్లో చదివి రాయొచ్చు. నేను అనంతపురంలో మా అత్త వాళ్ళ మిద్దె మీద రూములో కూర్చోని చదివినా. ఇవి రెండూ చేతిలో ఉంటే బ్యాంకోడైనా స్కాలర్‌షిప్ ఇచ్చేవాడైనా మనల్ని చూసే తీరే మారిపోతాది. పొలం సంగతి అంతవరకు ఎత్తొద్దన్నా.

ఓర్వకల్లు_నాయిన
పాపకి అద్దాలు ఉన్నాయి తమ్ముడూ. ఇంగ అయిపోయినట్టేనా

లాగ్‌బుక్_200
నాకూ అద్దాలే అన్నా. అద్దాలు పెట్టుకుంటే చూపు సరిగ్గా ఉండాల, పవర్‌కి ఒక హద్దు ఉంటాది. అద్దాలున్నంత మాత్రాన కొట్టెయ్యరు. లైసెన్సు వచ్చినాక ఎగిరేటప్పుడు ఇంకో జత అద్దాలు దగ్గర పెట్టుకోవాల, అదే రూలు.

గండికోట_గాలి
నేను కడపలో సంక్షేమ శాఖలో పని చేసి రిటైర్ అయినాను. ఈ స్కాలర్‌షిప్ విషయంలో తల్లిదండ్రులు ఎక్కువగా పొరపాటు పడేది ఎక్కడో చెప్తాను. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అని పేపర్లో చూసి అమెరికాలో పైలట్ ట్రైనింగ్‌కి ఇస్తారనుకుని వస్తారు. అది విదేశాల్లో పీజీకి, పీహెచ్‌డీకి మాత్రమే. పాపం ఇన్‌కం సర్టిఫికెట్, క్యాస్ట్ సర్టిఫికెట్ అన్నీ సచివాలయం చుట్టూ తిరిగి తెచ్చుకుని ఫైలు కట్టుకుని వచ్చేవాళ్ళు, ఆ ఫైలు తిరిగి చేతికి ఇచ్చేటప్పుడు నాకే కష్టంగా ఉండేది.

సీపీఎల్ పేరు నేరుగా ఉన్నది ఎస్సీ విద్యార్థుల టాప్ క్లాస్ ఎడ్యుకేషన్ స్కీములో. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి, లిస్టులో ఉన్న సంస్థలోనే సీటు రావాలి. పాత గైడ్‌లైన్స్‌లో ప్రైవేటు ఫ్లయింగ్ క్లబ్బులకి ఏడాదికి 3.72 లక్షలు సీలింగ్ పెట్టారు. అసలు ఫీజు ముందు అది ఏ మూలకి? అయినా వదులుకోవద్దు. ఇక మిగతావి లోన్లు. ఎస్సీలకి ఎన్‌ఎస్‌ఎఫ్‌డీసీ, బీసీలకి ఎన్‌బీసీఎఫ్‌డీసీ, మైనారిటీలకి ఎన్‌ఎండీఎఫ్‌సీ. ఇవి ఢిల్లీ కార్పొరేషన్లు, మన దగ్గర రాష్ట్ర కార్పొరేషన్ల ద్వారా వస్తాయి, వడ్డీ బ్యాంకు కంటే బాగా తక్కువ. ఆదాయ పరిమితి చూస్తారు. జిల్లా ఆఫీసుకి వెళ్ళి "ఎడ్యుకేషన్ లోన్, సీపీఎల్ కోర్సుకి" అని కాగితం మీద రాసి ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. నోటితో అడిగితే లేదనే అంటారు, ఎందుకంటే ఆ కోర్సుకి అడిగినవాళ్ళు జిల్లాలో అంతకుముందు ఎవరూ ఉండరు.

షాహీన్_కడప
గండికోట సార్ చెప్పింది కరెక్ట్. ఎన్‌ఎండీఎఫ్‌సీలో ఇండియాలో చదువుకి 20 లక్షల దాకా, విదేశాలకి 30 లక్షల దాకా పెట్టినారు. మా తమ్మునికి ఇంజనీరింగ్‌కి అడిగినాం కాబట్టి తెలుసు. కాకపోతే టైం పడతాది, ఫీజు డెడ్‌లైన్ కోసం వాళ్ళు ఆగరు.

రాగిసంగటి
మేం ఓసీ. మాకేం లేదా మరి

గండికోట_గాలి
ఇగ్రువా అని ఉత్తరప్రదేశ్‌లో ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది, ఎంట్రన్స్ రాయాలి. ఈడబ్ల్యూఎస్ సహా రిజర్వేషన్ అన్నిటికీ ఉంది. కానీ రిజర్వేషన్ సీటు వరకే, ఫీజు 45 లక్షల దగ్గర అందరికీ ఒకటే. సీటు వచ్చిందంటే ఫీజు తగ్గిందని కాదు, ఇక్కడ చాలామంది మోసపోతారు.

పెన్న_ఇసుక
బ్యాంకు లోన్ సంగతి నేను చెప్తా, మా చెల్లెలి కోసం తిరిగినా గాబట్టి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లై చేసినాం. బ్యాంకుల మోడల్ ఎడ్యుకేషన్ లోన్ స్కీములో డీజీసీఏ ఒప్పుకున్న పైలట్ ట్రైనింగ్ ఉండాది, మేనేజర్ లేదన్నా సరే అది ఉండాది, ప్రింటు తీసుకోని చూపించినా. చూపిస్తే సరే అని కూర్చోబెట్టినాడు. 7.5 లక్షలు దాటితే తాకట్టు పెట్టాల. మాకు తాడిపత్రి దగ్గర ఐదెకరాలు ఉండాది, మా తాత కాలం నుంచి చెనక్కాయ వేస్తాండాం. పాస్‌బుక్ ఇచ్చినాం, ఈసీ (భూమి మీద అప్పులు, అమ్మకాలు చూపించే కాగితం) తీసినాం, బ్యాంకు లాయరు చూసి చుక్కల భూమి అన్నాడు. పాత రికార్డులో పేరు ఉండాల్సిన కాడ చుక్కలు పెట్టినారంట బ్రిటీషోళ్ళ కాలంలో. ఆ చుక్కలు తీయించుకోనీకి ఎమ్మార్వో ఆఫీసుకి, కలెక్టర్ ఆఫీసుకి పదకొండు నెలలు తిరిగినాం, అంతలో స్కూల్లో బ్యాచ్ వెళ్ళిపోయింది.

కాబట్టి ఓర్వకల్లన్నా, పొలం అమ్మొద్దు సరే, పొలం కాగితాలు ఈ రోజే తీసి ఈసీ వేసి చూసుకో. 22ఏ లిస్టులో, అంటే రిజిస్ట్రేషన్ చేయని భూముల లిస్టులో ఉందో లేదో కూడా చూడు. పాప ఇంటర్ అయ్యేలోపల అది క్లియర్ అయితే ఒక ఏడాది మిగులుతాది.

లాగ్‌బుక్_200
బావా, మా బ్యాచ్‌లో చుక్కల పుస్తకం, మీ ఇంట్లో చుక్కల భూమి. మన జిల్లాకి చుక్కలు అచ్చిరాలే

పెన్న_ఇసుక
నిజమే బావా 😀 చెల్లెలు ఇప్పుడు మళ్ళా చేరింది లే, లోన్ అయ్యింది.

బళ్ళారి_చౌరస్తా
ఒక మాట అంటా, తిట్టొద్దండి. ఇంత తంటా పడి లైసెన్సు తెచ్చుకున్నాక ఉద్యోగం గ్యారంటీ ఉందా? మా పెద్దనాన్న మనవడు సీపీఎల్ చేసుకోని రెండేండ్లుగా ఇంట్లోనే ఉన్నాడు. ఎయిర్‌లైన్‌లో కూర్చోవాలంటే టైప్ రేటింగ్ అని, ఫలానా రకం విమానం నడిపే ట్రైనింగ్‌కి మళ్ళా పది పదిహేను లక్షల పైనే అడుగుతాండారు. ఆ పాపని బీటెక్ చేయించి తర్వాత చూసుకోమనడం మేలు. మన సీమోళ్ళం కరువు చూసినోళ్ళం, ఉన్న పొలం ఒక్క ఆశ మీద పెట్టకూడదు.

తుంగభద్ర_రెక్కలు
చౌరస్తా అన్నా, మీ భయం నాకు అర్థమైతుంది, మా ఇంట్లో కూడా ఇదే అన్నారు. నేను ఇప్పుడు స్టూడెంట్ పైలట్‌ని, మాది ఎమ్మిగనూరు, 110 గంటలు అయినాయి. కానీ "బీటెక్ చేసి తర్వాత" అనేది ఆడపిల్లకి చెప్తే ఆ తర్వాత ఏమౌతుందో మీకు తెలుసు, పెళ్ళి సంబంధాలు వస్తాయి. మా క్లాసులో నాతోపాటు పైలట్ అవుతానన్న ఇద్దరి సంగతి అట్లే అయ్యింది.

డబ్బు సంగతికి వస్తే నేను చేసిన తప్పు చెప్తా. మా నాన్న ఆర్టీసీలో కండక్టర్, పీఎఫ్ తీసి, అమ్మ నగలు పెట్టి ఒకేసారి మొత్తం ఫీజు కట్టేసినాడు, ఒకేసారి కడితే డిస్కౌంట్ అన్నారని. స్కూల్ పేరు చెప్పను. నాలుగు విమానాలు చూపించినారు, చేరినాక చూస్తే ఎగిరేది ఒకటి. మిగతావి హ్యాంగర్‌లో కవర్లు కప్పుకోని ఉన్నాయి, ఒకదానికి ప్రొపెల్లర్ కూడా లేదు. పొద్దున నాలుగున్నరకి లేచి యూనిఫాం వేసుకోని ఫ్లైట్ లైన్‌లో కూర్చుంటాం, పది గంటలకి బోర్డు మీద నా పేరు ఎదురుగా "క్యాన్సిల్" అని రాస్తారు. వానాకాలంలో అట్లా నెలకి మూడు గంటలు ఎగిరిన నెలలు ఉన్నాయి. హాస్టల్ ఫీజు మాత్రం నెల నెలా ఆగలేదు. అందుకే గంటలు ఎగిరే కొద్దీ కట్టే పద్ధతి ఉన్న చోటే చేరండి. డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్ళకి ర్యాంకింగ్ ఇస్తోంది, అది చూడండి, చూసి కూడా ఒకరోజు పొద్దున్నే వెళ్ళి గేటు దగ్గర నిలబడి ఎన్ని విమానాలు లేస్తాయో లెక్కపెట్టుకోండి.

అమ్మాయిలకి వేరే దారి ఒకటి ఉంది. నైంటీ నైన్స్ అని ఆడ పైలట్ల సంఘం, 1929లో అమెరికాలో 99 మందితో మొదలైంది, ఆ లెక్కే పేరు. వాళ్ళ దగ్గర స్టూడెంట్ పైలట్లకి ఫస్ట్ వింగ్స్ అవార్డు అని ఉంది. విమెన్ ఇన్ ఏవియేషన్ వాళ్ళు కూడా ఏటా ఇస్తారు. ముందు మెంబర్ కావాలి, తర్వాత వ్యాసం రాయాలి, రికమెండేషన్ లెటర్లు పెట్టాలి. ఇంటర్ పాప ఇప్పుడే వీటికి సరిపోదు, కొన్ని గంటలు ఎగిరినాక ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు ఇవి కాపాడతాయి.

ఓర్వకల్లు_నాయిన
నీ మాటలు మా పాపకి చదివి వినిపించినా తల్లీ. ప్రొపెల్లర్ లేని విమానం దగ్గరికొచ్చి మళ్ళా చదువు నాయినా అనింది. భయపడిందేమో అనుకున్నా. కాదు, గేటు దగ్గర నిలబడి లెక్కపెట్టే మాట నోట్‌బుక్‌లో రాసుకుంటాంది.

డిస్పెన్సరీ_రోడ్
ఆడపిల్లల మాట వచ్చింది గాబట్టి, మన దేశంలో ఎయిర్‌లైన్‌లో చేరిన మొదటి ఆడ పైలట్ ప్రేమ్ మాథుర్‌ని తీసుకున్నది హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేసే. 1947లో లైసెన్సు తెచ్చుకున్నారు ఆమె. మిగతా కంపెనీలు ఆడమనిషి అని వెనక్కి పంపిన కాలం అది.

ఏఎఫ్ఎస్‌బీ_మైసూరు
అందరూ లోన్లు, స్కాలర్‌షిప్పులు అంటున్నారు గానీ ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఎగరడం నేర్పేది ఎయిర్‌ఫోర్స్. ఎన్‌డీఏకి (సైన్యంలో ఆఫీసర్లని తయారుచేసే అకాడమీ) 2022 నుంచి ఆడపిల్లలు కూడా చేరుతున్నారు, ఇంటర్‌లో ఫిజిక్స్ కెమిస్ట్రీ మ్యాథ్స్ ఉంటే చాలు. డిగ్రీ తర్వాత ఏఎఫ్‌క్యాట్ అని ఎయిర్‌ఫోర్స్ ఎంట్రన్స్ ఉంది, 20 నుంచి 24 ఏండ్లు, సీపీఎల్ ఉన్నోళ్ళకి 26 దాకా. ట్రైనింగ్ మన దుండిగల్లోనే. ఒక్క జాగ్రత్త, ఫ్లయింగ్ బ్రాంచికి పెట్టే సీపీఎస్ఎస్ అనే పైలట్ ఎంపిక టెస్టు జీవితంలో ఒక్కసారే, ఫెయిల్ అయితే మళ్ళా లేదు, కాబట్టి ప్రిపేర్ కాకుండా ఊరికే ఒకసారి చూసొద్దాం అని పోవద్దు. నేను అట్లా పోయి పోగొట్టుకున్నా.

రాగిసంగటి
అద్దాలుంటే ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్‌కి కష్టం కదా

ఏఎఫ్ఎస్‌బీ_మైసూరు
కష్టమే, సివిల్ కంటే రూల్స్ గట్టివి. పవర్ ఎంతో తెలియాల ముందు. ఎన్‌డీఏ పరీక్ష రాయడానికి ఏం పోయింది, ఎంపీసీ చదివే పిల్లకి సిలబస్ సగం ఒకటే.

కడప_టు_డాలస్
మాది ప్రొద్దుటూరు, ఇక్కడ టెక్సాస్‌లో ఉంటాను. ఇక్కడ రే ఏవియేషన్ స్కాలర్‌షిప్ అని ఉంది, ఈఏఏ అనే సంస్థ 2019 నుంచి నడిపిస్తోంది, పిల్లలకి మొదటి లైసెన్సు తెచ్చుకోవడానికి డబ్బు ఇస్తారు. ఇది ఇక్కడి పిల్లలకే, మన వాళ్ళు అప్లై చేయలేరు, ఆశ పెట్టడానికి చెప్పట్లేదు. అందులో నాకు నచ్చింది వేరే. డబ్బు పైనుంచి వస్తుంది గానీ పిల్లని ఎంచేది ఊళ్ళో ఉన్న చాప్టర్. ఆ చాప్టర్ అంటే చిన్న ఎయిర్‌ఫీల్డ్ హ్యాంగర్లో శనివారం కాఫీ తాగుతూ కూర్చునే రిటైర్డ్ పైలట్లు, మెకానిక్కులు. మా పక్కింటి పిల్లాడికి వచ్చింది. వాళ్ళలో ఒక ముసలాయన వాడికి ప్రతి వారం ఫోన్ చేసి పాఠం ఎక్కడి దాకా వచ్చింది అని అడిగేవాడు. డబ్బు ఎవరైనా ఇస్తారు, ఆ ఫోన్ ఎవరు చేస్తారు?

మన జిల్లాల్లో అట్లాంటిది లేదు. 2017 ఏప్రిల్లో ఉడాన్ (చిన్న ఊళ్ళకి తక్కువ రేటుకి విమానాలు నడిపే కేంద్ర పథకం) మొదలైన రోజు ఎగిరిన విమానాల్లో కడప హైదరాబాదుది ఒకటి. 2022లో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఫ్లయింగ్ స్కూళ్ళకి చోటిచ్చిన రెండో విడతలో భావ్‌నగర్, హుబ్బళ్ళి, కిషన్‌గఢ్, సేలంతో పాటు కడప పేరు కూడా ఉంది. రన్‌వేలు వచ్చాయి, మన పిల్లలకి దారి చూపించే మనిషి లేడు.

హంద్రీ_గట్టు
చందాలు వేసుకుందాం అంటారా అయితే? 60 లక్షలు ఎవరి వల్ల అయితాది సామీ

కడప_టు_డాలస్
60 లక్షలు కాదు. మెడికల్ ఫీజు, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, బెంగుళూరుకి రెండుసార్లు పోయి రావడం. అంతవరకే. లాగ్‌బుక్ తమ్ముడు చెప్పిన ఆ మొదటి రెండు మెట్లు. దానికి లక్ష కూడా కాదు.

బళ్ళారి_చౌరస్తా
ఇది నేను ఒప్పుకుంటా. పొలం జోలికి పోకుండా ముందు పాప పనికొస్తాదో లేదో తెలుస్తాది. కాకపోతే చందాలంటే లెక్కలు, తగాదాలు. డబ్బు చేతులు మారకుండా నేరుగా ఫీజు కట్టేది అయితే నేనూ ఉంటా.

పెన్న_ఇసుక
చౌరస్తా అన్న మారినాడు రోయ్

బళ్ళారి_చౌరస్తా
మారలేదు అబ్బీ. ఉద్యోగం సంగతి మీద నా మాట నాదే. పిల్లని చూసుకోమన్నా అంతే.

గండికోట_గాలి
నేను ఫారాలు నింపి పెడతాను, ఏ పిల్లకైనా, ఏ కులమైనా. ముప్పై ఏళ్ళు అదే పని చేశాను.

లాగ్‌బుక్_200
నా దగ్గర మెటియరాలజీ, నావిగేషన్ పుస్తకాలు ఉండాయి, నా గీతలు కూడా ఉంటాయి వాటిలో. అనంతపురం నుంచి కర్నూలు బస్సులో పార్సిల్ వేస్తా. ఓర్వకల్లన్నా, ఆదివారం ఆదివారం సాయంత్రం పాపకి నేను ఫోన్ చేస్తా. డాలస్ అన్న చెప్పిన ఆ ముసలాయన పని.

ఓర్వకల్లు_నాయిన
ఏం చెప్పాలో తెలీట్లేదప్పా. చందా మాత్రం వద్దు, మెడికల్ ఫీజు వరకు నా అంగడి ఆదాయంలో అయితాది, అది నేనే కడతా. ఆ డబ్బు నా మాదిరి అంగడి కూడా లేని పిల్ల ఎవరన్నా అడిగితే వాళ్ళకి ఉంచండి. నాకు కావాల్సింది మీరు ఇచ్చేసినారు. కన్సల్టెన్సీ వాళ్ళు నిన్న మళ్ళా ఫోన్ చేస్తే వద్దని చెప్పినా. ఈసీకి ఈ పొద్దు అప్లై చేసినా.

క్లాస్ 2కి వచ్చే వారం పోదాం అనుకుంటున్నాం. పాపకి పాత అద్దాల చీటీలు ఉన్నాయి, ఆరో తరగతి నుంచి, అవి కూడా తీసుకుపోవాలా?

తుంగభద్ర_రెక్కలు
అన్నీ తీసుకుపోండి అన్నా. పవర్ పెరుగుతుందో ఆగిందో అడిగితే చూపించొచ్చు. ముందు రోజు రాత్రి పాపని త్వరగా పడుకోబెట్టండి, ఫోన్ చూడనీయొద్దు. రక్తపరీక్షకి ఖాళీ కడుపుతో రమ్మంటారేమో ముందే అడిగి పెట్టుకోండి.

ఓర్వకల్లు_నాయిన
సరే తల్లీ. ఉగ్గాని బజ్జీ బాక్సులో కట్టుకోని పోతాం, అయినాక తినిపిస్తా.